బొమ్మలు చూసి కాదు, లోపలి గుడ్డ చూసి కొనండి

ప్రశ్న: మా పాపకు మూడో నెల నడుస్తోంది. బరువు 5 కిలోలు. వాడి పారేసే డైపర్లు మానేద్దామని ముద్దుగా బొమ్మలున్న ఆరు గుడ్డ న్యాపీల సెట్టు కొన్నాను. ఒక్కొక్క దానితో ఒక ఇన్సర్ట్, అంటే లోపల పెట్టే పీల్చే పట్టీ, ఇచ్చారు. గంట తిరగకముందే తొడల పక్కనుంచి కారిపోతోంది. చర్మానికి తగిలే పొర పొడిగానే ఉంటుంది కానీ పాప బట్టలు, నా బట్టలు తడిసిపోతున్నాయి. పది రోజులుగా గజ్జల్లో ఎర్రబడింది కూడా. మా అత్తగారు మెత్తటి పాత నూలు గుడ్డను మించింది లేదంటున్నారు. స్నేహితురాలు వెదురు గుడ్డ న్యాపీలే కొనమంటోంది. ఖరీదు ఎక్కువ పెడితే నాణ్యత ఉన్నట్టేనా? అసలు ఏం చూసి కొనాలి, ఎన్ని కొనాలి? ఇప్పుడున్న ఆరింటినీ పారేయవలసిందేనా?

సమాధానం: అమ్మా, న్యాపీల సంగతికి ముందు పాప ఒంటి సంగతి చెప్పుకుందాం. న్యాపీ వల్ల వచ్చే మామూలు ఎర్రదనం, తడి తగలకుండా చూసుకుంటే రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. మీరు పది రోజులని రాశారు కాబట్టి ఇక ఇంటి వైద్యంతో ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. ముఖ్యంగా ఎర్రదనం చర్మపు ముడతల లోపలికి పాకి, దాని అంచున చిన్న చిన్న ఎర్రటి చుక్కలు విడివిడిగా కనిపిస్తే అది ఫంగస్ వల్ల వచ్చినది కావచ్చు, దానికి వేరే మందు రాయవలసి ఉంటుంది. పొక్కులు, చీము, జ్వరం వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్లాలి. ఈలోగా ప్రతిసారీ మామూలు నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, వీలైనంత సేపు న్యాపీ లేకుండా గాలి తగలనివ్వండి.

ఇక కారిపోవడం గురించి. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ ప్రతి కిలో బరువుకూ గంటకు దాదాపు 1 నుంచి 2 మిల్లీలీటర్ల మూత్రం పోస్తుంది. మీ పాప లెక్కకు అది గంటకు 5 నుంచి 10 మిల్లీలీటర్లు, మూడు గంటలకు 15 నుంచి 30. ఎంత పలచటి ఇన్సర్ట్ అయినా అంతకంటే ఎక్కువే పీల్చుకుంటుంది. అయినా గంటకే కారిపోతోందంటే గుడ్డ చాలకపోవడం కాదు, మూత్రం ఇన్సర్ట్‌లోకి చేరకముందే పక్కకు జారిపోవడమో, చేరిన మూత్రం నొక్కుడుకు మళ్లీ బయటికి రావడమో జరుగుతోంది. ఈ రెండింటికీ మందు మరింత ఖరీదైన న్యాపీ కాదు. న్యాపీని ఎలా చూడాలో తెలిస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

మా పెద్దమ్మాయి పసిదిగా ఉన్నప్పుడు నేనూ ఇటువంటి సెట్టే కొన్నాను. ఇన్సర్ట్‌ల మీద వెదురు బొగ్గు అని గొప్పగా రాసి ఉంది, రంగు కూడా బూడిద రంగే. పాపను ఎత్తుకుని కూర్చున్న ప్రతిసారీ నా ఒడి తడిసేది. ఒకరోజు కత్తెరతో అంచు కుట్టు విప్పి చూశాను. పైనా కిందా పలచటి బూడిద రంగు పాలియెస్టర్ ఫ్లీస్, నడుమ తెల్లటి మైక్రోఫైబర్ (అతి సన్నటి కృత్రిమ పోగుల గుడ్డ) పొరలు, అంతే. ఆ మైక్రోఫైబర్ ముక్కను నీళ్లలో ముంచి తీసి, ఒక చెంచా వెనుక భాగంతో మెల్లగా నొక్కితే నీళ్లు చెంచా చుట్టూ ఊరి బల్ల మీదకు కారాయి. అదే మందాన నూలు టర్కీ తువ్వాలు ముక్కను ముంచి నొక్కితే చెంచా కింద చెమ్మ తేరింది తప్ప కారలేదు. మైక్రోఫైబర్ తడిని చాలా వేగంగా లాగుతుంది, కానీ బరువు పడగానే స్పాంజిలా వదిలేస్తుంది. పాపను ఎత్తుకున్నా, ఒళ్లో కూర్చోబెట్టుకున్నా ఆ బరువు పడేది సరిగ్గా ఇన్సర్ట్ మీదే కదా. మీ బట్టలు కూడా తడుస్తున్నాయని రాసిన మాట చదవగానే నాకు ఆ చెంచా గుర్తొచ్చింది.

మైక్రోఫైబర్ గురించి మరొక జాగ్రత్త చెప్పాలి. అది చర్మంలోని తేమను కూడా లాగేసి గరుకుదనం తెస్తుంది కాబట్టి నేరుగా బిడ్డ ఒంటికి తగలకూడదు. న్యాపీ పొరల మధ్య సంచిలా ఉండే పాకెట్ లోపల ఉంటే ఫరవాలేదు. బయటికి తొంగిచూసేలా పెట్టడం, విడిగా గుడ్డలా పరచడం మాత్రం వద్దు.

పీల్చే గుడ్డల్లో నాకు ఎక్కువ నమ్మకం నూలు మీదే. వేగంలో, పట్టే సామర్థ్యంలో మధ్యస్థంగా ఉంటుంది కానీ ఎన్ని వేడినీటి ఉతుకులైనా ఓర్చుకుంటుంది, ఏళ్ల తరబడి మన్నుతుంది. హెంప్ (గంజాయి జాతి మొక్క కాండం నుంచి తీసే నార) చాలా పట్టుకుంటుంది, నొక్కినా సులభంగా వదలదు. అయితే నెమ్మదిగా పీలుస్తుంది, అందుకే దాన్ని ఒక్కదాన్నే కాక నూలు గుడ్డ కింద పెట్టి వాడితే రాత్రిళ్లకు బాగా పనికొస్తుంది.

వెదురు గుడ్డ విషయంలో మీ స్నేహితురాలి మాటలో నిజం ఉంది, కొంత సవరణా అవసరం. అది మెత్తన, అదే మందం నూలుకన్నా ఎక్కువ పీలుస్తుంది. కానీ బజారులో వెదురు గుడ్డ పేరుతో దొరికేది దాదాపు అంతా వెదురు గుజ్జును రసాయనాలలో కరిగించి దారంగా తీసిన విస్కోసే. వెదురులో సహజంగా క్రిములను చంపే గుణం ఉందనీ అది గుడ్డలోకి వస్తుందనీ చేసే ప్రచారాన్ని అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే తప్పుపట్టి, అలా ప్రకటించిన కొన్ని సంస్థల మీద చర్య తీసుకుంది. తడిసినప్పుడు విస్కోస్ బలం తగ్గుతుంది కాబట్టి వంద శాతం వెదురు గుడ్డకన్నా నూలు కలిపి నేసినదే ఎక్కువ కాలం ఉంటుంది. మెత్తదనం కోసం కొనండి, పీల్చుతుందని కొనండి. క్రిములు రావన్న మాట నమ్మి మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ చెప్పినదాన్ని తేలికగా తీసుకోవద్దని నా సలహా. పలచటి నూలు గుడ్డకు ఉన్న గొప్ప గుణం మడత విప్పితే ఒకే పొర కావడం. నీళ్లూ సబ్బూ ప్రతి పోగుకూ తగులుతాయి, జాడించినప్పుడు పూర్తిగా పోతాయి, ఆరవేస్తే త్వరగా లోపలిదాకా ఎండుతుంది. ఎనిమిది పొరలు కలిపి కుట్టేసిన మందపాటి ఇన్సర్ట్ పైకి ఎండినట్టే ఉండి మధ్య పొరలో చెమ్మ మిగులుతుంది. వాసన పుట్టేది, బూజు పట్టేది అక్కడే. పాత గుడ్డకు ఉన్న లోపం అరిగి పలచబడటం, పైన నీరు ఆపే కవర్ లేకపోవడం. ఆ రెంటినీ సరిచేస్తే, అంటే చిక్కటి నేతగల 60 లేదా 70 సెంటీమీటర్ల చదరపు నూలు గుడ్డను పొడవాటి పట్టీలా మడిచి మంచి కవర్‌లో పెడితే, ఖరీదైన చాలా న్యాపీలకన్నా అది బాగా పనిచేస్తుంది. పిల్ల పెరిగేకొద్దీ మడత మార్చుకోవచ్చు, ఎక్కువ తడి వచ్చే చోట మందంగా మడవవచ్చు. నన్ను ఒక్క రకమే ఎంచుకోమంటే నేను ఎంచుకునేది ఇదే.

కుట్టిన న్యాపీల్లో ఇన్సర్ట్‌ను లోపలి సంచిలో దూర్చే పాకెట్ రకం, ఇన్సర్ట్‌ను టిచ్ బటన్లతో కవర్‌కు తగిలించే రకం, అంతా కలిపి ఒకటిగా కుట్టేసిన రకం అని ప్రధానంగా మూడున్నాయి. మూడోది పెట్టడానికి సులువు, ఆరడానికి కష్టం. ఎక్కువ ఎండ, గాలి తగలని ఇంట్లో దాని జోలికి పోకపోవడమే మంచిది. రెండో రకంలో తడిసిన ఇన్సర్ట్ మాత్రం మార్చి, కవర్ మురికి కాకుంటే తుడిచి మళ్లీ వాడవచ్చు.

కవర్‌ను పరీక్షించడానికి ప్రయోగశాల అక్కరలేదు. నీరు ఆపే కవర్లు చాలావరకు పాలియెస్టర్ గుడ్డకు లోపలివైపు పాలియురేథేన్ పలచటి పొర అతికించి చేసినవి. కొత్త కవర్‌ను గిన్నెలా పట్టుకుని మధ్యలో కొద్దిగా నీళ్లు పోసి అరగంట వదిలేయండి. అడుగున చెమ్మ తేరితే ఆ పొర సరిగా అతకలేదన్నమాట. తరువాత కవర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మధ్యభాగంలో, తడి చేరే చోట కుట్లు ఉండకూడదు, ఎందుకంటే సూది దిగిన ప్రతి రంధ్రం నీటికి ఒక దారి. అంచుకు నూలు పట్టీ కుట్టి ఉంటే అది లోపలి తడిని పీల్చి బయటికి చేరవేస్తుంది, అటువంటిది వద్దు. తొడల దగ్గర ఎలాస్టిక్‌ను సాగదీసి వదిలితే వెంటనే పూర్వపు కొలతకు రావాలి. అది గుడ్డకు నేరుగా కుట్టేసి కాక, ఒక గొట్టంలాంటి మడతలో స్వేచ్ఛగా కదిలేలా ఉంటే చర్మం మీద గీరదు. తొడల దగ్గర లోపలివైపు రెండో వరస ఎలాస్టిక్ కూడా ఉన్న కవర్లు పల్చటి విరేచనాన్ని బాగా ఆపుతాయి. పాలు మాత్రమే తాగే మీ పాప వయసుకు అది పెద్ద ఉపకారం.

బిగించడానికి వెల్క్రో ఉంటే నడుము కొలత కచ్చితంగా కుదురుతుంది, కానీ ఉతికేకొద్దీ పీచు పట్టి పట్టు సడలుతుంది. టిచ్ బటన్లు ఎక్కువ కాలం ఉంటాయి. కొనేటప్పుడు ప్రతి బటన్‌ను నాలుగైదుసార్లు పెట్టి తీసి చూడండి, చుట్టూ గుడ్డ చిరుగుతున్నట్టు లాగకూడదు.

ఎంత మంచి న్యాపీ అయినా సరిగా కూర్చోకపోతే కారుతుంది, మీ విషయంలో రెండో అనుమానం నాకు ఇదే. తొడల ఎలాస్టిక్ తొడ మీద కాకుండా గజ్జల ముడతలోకి, లోదుస్తులు కూర్చునేచోట కూర్చోవాలి. ముందు భాగంలో ఎత్తు తగ్గించే బటన్ల వరసలు ఉంటాయి. 5 కిలోల పాపకు వాటిని విప్పి పెద్ద కొలతలో పెడితే తొడ పక్కన వేలు దూరేంత సందు మిగులుతుంది, పాప పడుకుని పోసిన మూత్రమంతా ఆ సందులోంచే పోతుంది. నడుము దగ్గర మీ రెండు వేళ్లు సులువుగా దూరాలి, తొడల దగ్గర మాత్రం సందు కనిపించకూడదు. విప్పాక చర్మం మీద కాసేపట్లో మాయమయ్యే లేత గుర్తు ఉంటే భయం లేదు. గాడిలా లోతుగా పడితే బిగుతు ఎక్కువైందని అర్థం. ఇన్సర్ట్ ఒక్క పోగు కూడా కవర్ బయటికి రాకుండా వేలితో చుట్టూ సర్దండి. గుడ్డ న్యాపీ కాస్త లావుగా ఉండటం వల్ల కాళ్లు వంకర పోతాయని కొందరు భయపెడతారు. పసిబిడ్డ కాళ్లు సహజంగానే మోకాళ్ల దగ్గర మడిచి పక్కలకు విచ్చుకుని ఉంటాయి, ఆ భంగిమ తుంటి కీళ్లకు మంచిదే. కాళ్లను బలవంతంగా చాచి దగ్గరగా బిగించి చుట్టడమే చేయకూడనిది.

పాకెట్ న్యాపీల లోపలి పొర గురించి కూడా ఒక మాట. అది పాలియెస్టర్ కాబట్టి తనలో తడి నిలుపుకోకుండా కిందికి దింపుతుంది, చర్మం పొడిగా ఉన్నట్టుంటుంది. దాని మీద క్రీమో నూనెనో పేరుకున్నా, ఉతుకులో ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడినా, తడి కిందికి దిగక తామరాకు మీద నీటిబొట్టులా పక్కకు దొర్లుతుంది. మీరు ఎర్రదనానికి ఏదైనా క్రీము రాస్తూ ఉంటే ఇదే కారణం కావచ్చు. క్రీము రాసినన్నాళ్లు పైన ఒక పలచటి గుడ్డ ముక్క అడ్డంగా వేయండి. పైపొర పొడిగా తగులుతోందని నాలుగైదు గంటలు వదిలేయడం మరొక పొరపాటు. పగలు రెండు మూడు గంటలకు ఒకసారి, విరేచనం అయితే వెంటనే మార్చవలసిందే. తడి, రాపిడి, మలంలోని ఎంజైములు, మూత్రం నుంచి పుట్టే అమ్మోనియా అన్నీ కలిసే చర్మాన్ని దెబ్బతీస్తాయి.

ధర సంగతి అడిగారు. ధరలో సగం బొమ్మల అచ్చుకు, పేరుకు, పెట్టెకు పోయినా ఆశ్చర్యం లేదు. మీరు చదవవలసింది లోపలి చీటీ: ఇన్సర్ట్ ఏ నారతో చేశారు, ఎంత శాతం, ఎన్ని పొరలు, చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల గుడ్డ. నూలు అని పెద్ద అక్షరాలతో రాసి, పీల్చే పొర గురించి ఒక్క మాటా రాయనివాటిని పక్కన పెట్టండి. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 గుర్తు ఉంటే ఆ గుడ్డను హానికర రసాయనాల కోసం పరీక్షించారని అర్థం. అందులో మొదటి తరగతి మూడేళ్లలోపు పిల్లల వస్తువులకు, నియమాలు అన్నిటికంటే కఠినం. సేంద్రియ వస్త్రాల అంతర్జాతీయ ప్రమాణమైన గాట్స్ (GOTS) గుర్తు ఉంటే కనీసం 70 శాతం సేంద్రియ నార ఉండాలి, సేంద్రియం అని నేరుగా రాయాలంటే కనీసం 95 శాతం ఉండాలి. ఓకో-టెక్స్ గుర్తు మీది నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు కూడా. అయితే ఈ గుర్తులు గుడ్డ శుభ్రతను చెబుతాయే కానీ అది కారుతుందా లేదా అన్నది చెప్పవు.

పీల్చే శక్తిని మీరే కొలవవచ్చు. ఇన్సర్ట్‌ను వంటింటి తూకం మీద పొడిగా తూచి, నీళ్లలో పూర్తిగా నానబెట్టి, ఒక మూల పట్టుకుని చుక్కలు ఆగేదాకా వేలాడదీసి మళ్లీ తూచండి. ఎన్ని గ్రాములు పెరిగితే దాదాపు అన్ని మిల్లీలీటర్లు పట్టినట్టు. తరువాత అరచేతితో గట్టిగా నొక్కి మూడోసారి తూచితే బరువు పడ్డాక ఎంత నిలిచిందో తెలుస్తుంది. పనికొచ్చే అంకె అదే. నూలు, హెంప్, వెదురు ఇన్సర్ట్‌లను కొన్న వెంటనే కొలవకండి. కొత్త గుడ్డలో మిగిలిన నూనె, మైనం పోయి పూర్తిగా పీల్చడానికి ఐదారు ఉతుకులు పడతాయి. ఈ సంగతి తెలియక కొత్త నూలు ఇన్సర్ట్ పనికిరాదని మూలపడేసినవాళ్లను నేను చూశాను.

ఎన్ని కావాలంటే, మీ పాప వయసుకు రోజుకు 8 నుంచి 10 సార్లు మార్చవలసి వస్తుంది. రోజు విడిచి రోజు ఉతికితే 20 పీల్చే గుడ్డలు, ఐదారు కవర్లు సరిపోతాయి. కానీ ఒక్కసారే కొనకండి. రెండు మూడు రకాలు ఒక్కొక్కటి తెచ్చి, ఉతికి, రెండు వారాలు పగలూ రాత్రీ వాడి, మీ పాప తొడలకూ మీ ఇంట్లో ఆరే వేగానికీ కుదిరినదాన్ని మిగతావి కొనండి. రెండో బిడ్డకు కూడా పనికొచ్చేంత గట్టివి ఎంచుకుంటే డబ్బుకే కాదు, పర్యావరణానికీ మేలే. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో వెలువరించిన అధ్యయనం కూడా గుడ్డ న్యాపీల లాభమంతా వాటిని ఉతికి ఆరబెట్టే తీరును బట్టే ఉంటుందనీ, యంత్రం నిండా వేసి ఉతికి, తాడు మీద ఆరవేసి, రెండో బిడ్డకు వాడినప్పుడు అది బాగా పెరుగుతుందనీ తేల్చింది.

ఉతకడం గురించి కొద్దిగా. ముందు చన్నీళ్లతో జాడించి మూత్రం పోగొట్టి, తరువాత చీటీ అనుమతించిన మేరకు 60 డిగ్రీల వేడి నీళ్లలో, బట్టలకు వాడినంత సబ్బుపొడీ వేసి ఉతికి, నురుగు పోయేదాకా జాడించండి. పసిపిల్ల బట్టలని సబ్బు మరీ తగ్గిస్తే మురికి గుడ్డలోనే మిగిలి, రాత్రి తడవగానే కళ్లు మండే అమ్మోనియా వాసన వస్తుంది. కండిషనర్ ఎప్పుడూ వద్దు. కవర్లను గంటల తరబడి నానబెట్టకండి, వేడిగా ఉండగా ఎలాస్టిక్ లాగకండి. గుడ్డలను ఎండలో వేస్తే మరకలు వాటంతట అవే వెలిసిపోతాయి. కవర్లను నీడలో ఆరవేస్తే వాటి పొర ఎక్కువ కాలం ఉంటుంది.

చివరిగా మీ ఆరు న్యాపీలు. వాటిని పారేయకండి. ముందు నీళ్లు పోసి కవర్లను పరీక్షించండి, అడుగున చెమ్మ తేరకపోతే అవి మంచివే. ఎత్తు బటన్లను చిన్న కొలతకు మార్చి, ఎలాస్టిక్‌ను గజ్జల ముడతలోకి సర్ది ఒక పూట చూడండి. ఆపైన పాకెట్‌లో మైక్రోఫైబర్ ఇన్సర్ట్‌ను పై పొరగా, మడిచిన నూలు గుడ్డను దాని కింద పెట్టండి. పైది వేగంగా లాగుతుంది, కిందిది పట్టి ఉంచుతుంది. ఆ నూలు గుడ్డ ఏదో మీ అత్తగారినే అడిగి తీసుకోండి.